గొలుసు ప్రార్థనలో మా మరదలి వంతు

మొన్న ఆదివారం మా నాచారం మందిరంలో, కొత్తగా వచ్చిన కుర్ర పాస్టరుగారు గోడకు తెర కట్టించి, ప్రార్థన ఫలించాలంటే మనలో ఏమేం ఉండాలో రంగురంగుల అక్షరాల్లో ఒక్కొక్కటే చూపించుకుంటూ వచ్చారు. విశ్వాసం ఉండాలట, ఎదుటివాళ్లను క్షమించి ఉండాలట, విసుగు లేకుండా అడగాలట, అన్నిటికంటే ముఖ్యంగా ఏం కావాలో స్పష్టంగా అడగాలట. పిల్లవాడు బాగానే చెప్పాడు, గొంతు కూడా మంచిది. కానీ ఆ చివరి మాట దగ్గర నాకు ఒళ్లు చల్లబడింది. అంత స్పష్టంగా అడిగిన మనిషిని నేను నా జీవితంలో ఒక్కరినే చూశాను. ఆమె మా తమ్ముడి భార్య.

రాష్ట్రం రావడానికి కొన్నేళ్ల ముందు మాట. ఉప్పల్ చౌరస్తాలో అప్పటికి మెట్రో స్తంభాలు లేవు, రామంతాపూర్ నుంచి రావాలంటే షేర్ ఆటోలో డ్రైవరు పక్కన అర సీటు మీద వేలాడుతూ రావాల్సిందే. మా మందిరం అప్పుడు ఉత్త రేకుల షెడ్డు, గట్టిగా వాన పడితే అప్పటి పాస్టరు అయ్యగారి ప్రసంగం ఒక్క ముక్క వినపడేది కాదు, ఆ సంగతి తెలిసి కూడా ఆయన ఆపేవారు కాదు. మేం జనగామ వైపు నుంచి పని వెతుక్కుంటూ వచ్చినవాళ్లం. నేను బట్టలు కుట్టే కంపెనీలో, తమ్ముడు మందుబిళ్లల కంపెనీలో. మరదలిది బోడుప్పల్, అక్కడి పాత ఊరివాళ్ల పిల్ల, వాళ్లింట్లో ఏటా పోచమ్మకు బోనం ఎత్తేవాళ్లు. మా తమ్ముణ్ణి చేసుకున్నాక ప్రభువును నమ్ముకుంది, మాకంటే గట్టిగా నమ్ముకుంది. కొత్త బిచ్చగాడు పొద్దెరగడన్నట్టు ఎప్పుడు చూసినా మోకాళ్ల మీదే ఉంటావేమే అని నేను ఏడిపించేదాన్ని, ఆమె నవ్వి ఊరుకునేది.

ఒకరోజు తమ్ముడు డ్యూటీ దిగి బండి మీద వస్తుంటే ఉప్పల్ దగ్గర లారీ కొట్టింది. తలకు దెబ్బ. పెద్ద దవాఖానాలో చేర్చాం. ఊపిరి ఉంది కానీ తెలివి లేదు, పిలిస్తే పలకడు, గిల్లినా కదలడు. డాక్టర్లను అడిగితే చూద్దాం అనేవాళ్లు, నర్సును అడిగితే డాక్టర్నడగమనేది. వార్డులో ఒక్క మనిషినే ఉండనిచ్చేవాళ్లు కాబట్టి పగలు నేను, రాత్రి మరదలు అనుకున్నాం. ఆ మంచం పక్కన ఇనుప స్టూలు మీద కూర్చుని, చేయడానికి ఏ పనీ లేక, వాడి కాళ్లకు దుప్పటి సర్దడం, మళ్లీ తీసి మళ్లీ సర్దడం, ఇదే నా పని. అంత నిస్సహాయత నాకు అంతకు ముందు తెలియదు.

అప్పుడు అయ్యగారు గొలుసు ప్రార్థన పెట్టించారు. ఈ తరం వాళ్లకు తెలియకపోవచ్చు కానీ మన ఈడు వాళ్లకు చెప్పనక్కర్లేదు, సంఘంలో తలా ఒక గంట పంచుకుని, ఎవరింట్లో వాళ్లు మోకరించి, ప్రార్థన తెగిపోకుండా ఒకరి తర్వాత ఒకరు నిలబెట్టడమన్నమాట. వంతు అయిపోయిన వాళ్లు తర్వాతి వాళ్లకు ఒక మిస్డ్ కాల్ ఇవ్వాలి. అది మోగి ఆగిందంటే గొలుసు చేతికి వచ్చిందని అర్థం, ఎత్తకూడదు, ఫోను గూట్లో పెట్టేసి మోకరించాలి. ప్రార్థనలో ఉన్నప్పుడు మధ్యలో లేవడం అయ్యగారికి బొత్తిగా గిట్టదు. నేను దవాఖానాలోనే నా గంట చేసుకునేదాన్ని, నా తర్వాత వంతు ఇంటి దగ్గరున్న మరదలిది.

అంతటితో ఆగలేదు. మన ప్రార్థన పైకి పోకుండా అడ్డుపడేవి మనలోనే ఉంటాయని అయ్యగారు ఒక ఆదివారం చెప్పేసరికి, మరదలు తన మనసంతా వెతుక్కుని, ఎప్పుడో ప్లాటు విషయంలో వాళ్లన్నతో పడ్డ పోట్లాట ఒకటి పట్టుకుంది. పట్టుకుని ఊరుకుందా, బోడుప్పల్ పోయి వాళ్లన్న కాళ్లు పట్టుకుని నన్ను క్షమించు అని ఏడ్చింది. ఆయన బిత్తరపోయాడు.

“ఏందే గిది, నేనెప్పుడో మర్చిపోయిన. ముందుగాల బువ్వ తిను, మొకం జూడు ఎట్లైందో,” అని ఆయనే ఆటోలో తెచ్చి దింపిపోయాడు. పోతూ పోతూ మా అమ్మవారికి కూడా మొక్కిన చెల్లే అన్నాడట. ఆ మాటకు ఆమె కాదనలేకపోయింది, కాదనే ఓపిక ఎవరికుంది.

తర్వాత ఒకరోజు మధ్యాహ్నం నా గంట ఇంకా నడుస్తుండగానే డ్యూటీ డాక్టరు వచ్చి వాడి కళ్లలో లైటు వేసి చూసి, ఇంటివాళ్లను పిలిపించుకోమని మెల్లగా చెప్పాడు. నా ఫోనులో బ్యాలెన్సు అడుగంటి ఉంది, మిస్డ్ కాల్ ఇస్తే ఆమే తిరిగి చేస్తుందిలే అని, ఆ రోజుల్లో అందరం చేసే పనే నేనూ చేశాను. ఒకసారి మోగనిచ్చి ఆపేశాను. ఆమె చేయలేదు. అప్పుడు మళ్లీ చేసి, దానంతటదే ఆగేదాకా మోగనిచ్చాను, ఎవరూ ఎత్తలేదు. అప్పటికే ఆమె ఫోను గూట్లోకి పోయింది. నా మిస్డ్ కాల్ ఆమెకు రమ్మన్నట్టు వినపడలేదు, నా వంతయింది ఇక నువ్వు మొదలుపెట్టు అన్నట్టు వినపడింది. ఈ సంగతి నాకు తట్టేసరికి, వాణ్ణి వదిలి కిందికి పరుగెత్తి ఇంకెవరి ఫోనైనా అడుగుదామా, నేనటు పోతే ఇటేమవుతుందోనని, నిలబడ్డ చోటే నిలబడిపోయాను.

అలా నిలబడి ఉండగానే వాడు కళ్లు తెరిచాడు.

నేను అబద్ధం చెప్పడం లేదు. అన్నాళ్లు పలకని మనిషి తల కొంచెం తిప్పి, నా వైపు, నా వెనక వైపు చూసి, “ఏదీ?” అన్నాడు. మావాడు పెళ్లాన్ని పేరుపెట్టి పిలిచే రకం కాదు. డ్యూటీ నుంచి వచ్చి గడపలో చెప్పులు విడుస్తూ ఏదీ అనేవాడు, వంటింట్లోంచి ఆమె ఈడనే ఉన్న అనేది, వాళ్ల కాపురమంతా ఆ రెండు మాటల మీదే నడిచింది. వస్తున్నదిరా, తొవ్వల ఉన్నది అన్నాను. వాడు తలుపు వైపే చూస్తూ ఇంకోసారి అదే మాట అన్నాడు. ఆ తర్వాత కళ్లు మూశాడు, డాక్టరు వచ్చేలోపే ఊపిరి ఆగింది.

తన గంట ముగించుకుని తర్వాతి వాళ్లకు మిస్డ్ కాల్ ఇద్దామని ఫోను చేతిలోకి తీసుకుని, అందులో నా కాల్స్ చూసుకుని మరదలు పరుగెత్తుకొచ్చింది. నేనేమీ దాచలేకపోయాను. కళ్లు తెరిచాడే, నిన్నే అడిగాడే అని చెప్పేశాను.

ఆమె ఏడుపు ఆపి, “ఏమన్నడు వదినే?” అంది.

ఏదీ అన్నాడని చెప్పాను. అంతే, మంచం కోడు పట్టుకుని కింద కూలబడిపోయింది.

“గదే అడిగిన వదినే ఇవ్వాళ. ఇంకేమొద్దు ప్రభువా, ఒక్కసారి కండ్లు తెరిసి ఏదీ అని నన్ను అడగాలె, గంతే సాలన్న. ఈడనే ఉన్న అని చెప్పేటందుకు నేనుండాలె అని మాత్రం అడగలే.”

సమాధి అయిన తర్వాతి ఆదివారం అయ్యగారు ఎప్పటిలాగే సాక్ష్యాలు చెప్పేవాళ్లు లేవండి అంటే, ఎవరూ అనుకోలేదు, ఆమె లేచింది. నేను అడిగింది దేవుడిచ్చిండు అని ఆ ఒక్క మాటే చెప్పి కూర్చుంది. అయ్యగారు సాక్ష్యం తర్వాత మామూలుగా చెప్పించే స్తోత్రం చెప్పించకుండానే బైబిలు మూసి పాట ఎత్తుకున్నారు.

మరదలు ఇప్పుడు నాగారంలో కూతురి దగ్గర ఉంటుంది. అక్కడి ఆడవాళ్లు అమ్మా మాకోసం ప్రార్థన చెయ్యమని వస్తారు, ఆమె చేస్తుంది, కానీ ఇది కావాలి అది కావాలి అని అడగదు, వాళ్ల పేరు చెప్పి చాలాసేపు ఊరికే కూర్చుంటుంది. అది విశ్వాసమో భయమో నేను అడగలేదు. మా రేకుల షెడ్డు పోయి మూడంతస్తుల మందిరం వచ్చింది, వాన పడ్డా ప్రసంగం స్పష్టంగా వినపడుతుంది. మిస్డ్ కాల్ ఇచ్చేవాళ్లు ఎవరూ లేరు, ఎవరితోనైనా ఫోనులోనే మొహం చూస్తూ మాట్లాడుకుంటున్నాం. ఆ రోజున ఇంత సుళువు ఉంటే నా ఒక్క మాటకు మా మరదలు చెప్పులు కూడా వేసుకోకుండా ఆటో ఎక్కేది, వాడు తల తిప్పేసరికి మంచం పక్కనే ఉండేది. ఎన్నోసార్లు అలా అనుకుని, అక్కడికొచ్చి ఆగిపోతాను. ఆటో ఎక్కి ఉంటే ఆమె ఆ గంట మోకరించి ఉండేది కాదు. ఆమె మోకరించకపోతే వాడు కళ్లు తెరిచేవాడేనా?