నీళ్ళు దిగని కోడలు

దానమ్మకు అర్థం కాని మనుషులు లోకంలో రెండు రకాలు. పెట్టిన అన్నం వదిలేసేవాళ్ళు ఒకరు, ఇచ్చిన నీళ్ళు వద్దనేవాళ్ళు ఒకరు. ఆళ్ళగడ్డలో ఆడపిల్లల హాస్టల్లో ఏళ్ళ తరబడి వంట చేస్తున్న మనిషి కాబట్టి మొదటి రకంతో ఎలాగో సర్దుకుపోవడం నేర్చుకుంది. రెండో రకాన్ని మాత్రం ఏరికోరి ఇంటికి కోడలిగా తెచ్చుకుంది.

పెళ్ళినాటికి ఫెబాకు ఆ జబ్బు లేదు పాపం. నంద్యాల పిల్ల. తల్లి లేదు, తండ్రి ఆనందరావు మిషన్ బడిలో పంతులుగా చేసి రిటైరైన మనిషి. ఫెబా కూడా చదువుకుని ఆళ్ళగడ్డలో ఒక ప్రైవేటు బడిలో చేరింది. దానమ్మ కొడుకు రూబెన్ రాతి విగ్రహాలు చెక్కే షెడ్డులో కోత మిషను మీద పనిచేస్తాడు. సాయంత్రం ఇల్లు చేరేసరికి కనుబొమ్మల దాకా రాతిపొడి పట్టి, ఆ వయసుకే ముసలాడిలా కనిపిస్తాడు. భర్త యేసుదాసు పోయాక దానమ్మకు మిగిలింది ఈ ఒక్క కొడుకే. కోడలు నెల తప్పిందని తెలిసిన రోజు హాస్టల్లో పిల్లలందరికీ సొంత ఖర్చుతో పాయసం కాచి పోసింది.

మూడో నెలలో వాంతులు పట్టుకున్నాయి. అందరికీ ఉండేవేలే అనుకున్నారు. కొన్నాళ్ళకు వాంతులు తగ్గాయి, అన్నం సహించింది, ఉప్పుచేప కూడా సహించింది. నీళ్ళు మాత్రం సహించలేదు. గ్లాసు నోటిదాకా వస్తే చాలు, ఫెబా మొహం పక్కకు తిప్పేసుకునేది.

"నీళ్ళు వాసనొస్తాండాయి అత్తా."

"నీళ్ళకు వాసనేందీ మ్మే? బిందె వాసనా, మట్టి వాసనా?"

"తెల్దత్తా. నీళ్ళ వాసనే."

దానమ్మ చింతపండు పెట్టి బిందె తోమింది. నీళ్ళ క్యాను వేసే ఆటో అబ్బాయితో తగాదా పెట్టుకుని వేరే ప్లాంటు నీళ్ళు తెప్పించింది. కొత్త కుండ కొని, నానబెట్టి, ఇసుక మీద కూర్చోబెట్టింది. ఫెబా ఆ కుండ నీళ్ళు రెండు గుటకలు తాగి, కళ్ళు గట్టిగా మూసుకుని, మళ్ళీ తెరిచేసరికి కళ్ళనిండా నీళ్ళు. దానమ్మకు ఒళ్ళు మండింది. తాగడానికి నీళ్ళు లేక ఏడ్చినవాళ్ళను ఎరుగుదుం గానీ, ఉన్న నీళ్ళు చూసి ఏడ్చేవాళ్ళను ఎక్కడైనా చూశామా అని రెండు రోజులు కోడలితో ముక్తసరిగా మాట్లాడింది.

ఇంతలో ఈస్టరుకు ముందటి శ్రమ దినాలు వచ్చాయి. శుక్రవారం శుక్రవారం చర్చిలో ఉపవాస కూడిక. పొద్దున లేచింది మొదలు సాయంత్రం ప్రార్థన ముగిసేదాకా పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టరు. కడుపుతో ఉన్నవాళ్ళు, ముసలివాళ్ళు ఉండనక్కర్లేదని పాస్టరు డేవిడయ్య మొదటి వారమే చెప్పాడు. అయినా ఫెబా తానూ ఉంటానంది.

"నీకెందుకు మ్మే? దేవుడు నిన్నేమన్నా అడిగినాడా?"

"ఉంటా అత్తా. నాకేం కష్టంగా లేదు."

గారాబాల పిల్ల అనుకున్నదానికి ఎంత భక్తి అని దానమ్మ పొంగిపోయింది. ఆ పొంగు ఇంట్లో ఉంచుకుంటే దానమ్మ ఎందుకవుతుంది. చర్చి మెట్ల మీద, కూరగాయల దుకాణం దగ్గర, చివరికి ఆత్మకూరులో ఉండే ఆడబిడ్డ మహాలక్ష్మికి ఫోను చేసి కూడా చెప్పింది, మా కోడలు ఆ స్థితిలోనూ ఉపవాసం ఉంటోందని. ఎండ రోజురోజుకీ ముదురుతోంది. ఏ శుక్రవారమూ ఫెబా దప్పిక అని అనలేదు.

స్కానింగుకు నంద్యాల వెళ్ళిన రోజు డాక్టరమ్మ తెరవైపు ఎక్కువసేపు చూసింది. ఉమ్మనీరు తగ్గిందని చెప్పింది.

"ఎందుకు తగ్గింది మేడం?" అని దానమ్మ అడిగింది.

"చాలా కారణాలుంటాయమ్మా. ముందు ఇది చెప్పండి, నీళ్ళు బాగా తాగుతోందా?"

"శుక్రవారం మాత్రం తాగదు మేడం. ఉపవాసముంటాది." ఆ మాటలో అప్పటికీ కాస్త గొప్ప ఉంది.

డాక్టరమ్మ రాస్తున్న పెన్ను పక్కన పెట్టి ఫెబా వైపు తిరిగింది. కడుపులో బిడ్డను పెట్టుకుని ఎండాకాలంలో ఉపవాసమేమిటమ్మా అని మెల్లగానే అడిగింది. ఫెబా కాసేపు చీర కొంగు వేలికి చుట్టుకుంది. తర్వాత ఏడుస్తూ చెప్పేసింది. వారమంతా ఎవరో ఒకరు గ్లాసు పట్టుకుని ముందు నిలబడతారు, శుక్రవారం ఒక్కరోజే నన్నెవరూ నీళ్ళు తాగమనరు మేడం, ఆ రోజు ప్రాణానికి హాయిగా ఉంటుంది అంది.



డాక్టరమ్మ కోప్పడలేదు. మామూలు నీళ్ళే తాగాలని ఎవరన్నారు అని అడిగింది. పలచటి మజ్జిగ తాగమంది, నిమ్మకాయ పిండుకోమంది, కొబ్బరినీళ్ళు, చారు, పుచ్చకాయ, దోసకాయ, ఏ రూపంలో పోయినా కడుపులోకి పోయేది నీళ్ళేనంది. ఒక్కసారే చెంబెడు కాకుండా రోజంతా కొంచెం కొంచెం తాగమంది. కూల్ డ్రింకుల జోలికి పోవద్దంది. మూత్రం ముదురు పసుపుగా వస్తుంటే నీళ్ళు చాలలేదని గుర్తుపెట్టుకోమంది. ఇక చివర చెప్పిన మాటే దానమ్మ గుండెలో దిగింది. బిడ్డ కదలిక తగ్గినట్టు అనిపిస్తే వెంటనే రావాలి. పదిహేను రోజుల్లో మళ్ళీ చూస్తాం, అప్పటికీ ఉమ్మనీరు పెరగకపోతే అడ్మిట్ చేసుకోవాలి. నెలలు నిండకుండానే కాన్పు చేయాల్సి రావచ్చు.

తిరుగు బస్సులో ఫెబా కిటికీకి తల ఆనించి నిద్రపోయింది. శిరివెళ్ళ దాటేదాకా దానమ్మ ఆ పిల్ల ఎండిన పెదవులనే చూస్తూ కూర్చుంది. భయమేసింది. ఊరంతా చెప్పుకున్న గొప్ప ఇప్పుడు ముల్లులా గుచ్చుకుంటోంది. ఆ బిడ్డకేమన్నా అయితే నా నోటి దురదే కారణం అనుకుంది.

భయపడిన మనిషి చేసే పనే దానమ్మా చేసింది. కాపలా మొదలుపెట్టింది. అల్లం దంచి వేసిన మజ్జిగ పెద్ద చెంబునిండా తెచ్చి, ఖాళీ అయ్యేదాకా కదలనని ఎదురుగా పీట వేసుకుని కూర్చుంది. అల్లానికి ఫెబాకు గుండెల్లో మంట లేచింది. మరునాడు బార్లీ కాచింది. గంజి వాసన అని ఫెబా ముక్కు మూసుకుంది. రాగి అంబలి పొద్దుటిపూట బాగానే దిగింది గానీ, కడుపు నిండిపోయి ఇక మధ్యాహ్నం దాకా చుక్క లోపలికి పోలేదు.

"నువ్వట్ల పోలీసు మాదిరి ముందర కూచుంటే యాడ దిగుతాది మా?" అన్నాడు రూబెన్.

"నువ్వు నోర్ముయ్. కడుపులో ఉండేది నీ బిడ్డే గదా."

రూబెన్ తల వంచుకుని అన్నం కలుపుకున్నాడు. వాడికీ భయంగానే ఉంది.

మూడోరోజు హాస్టల్లో వడ్డన జరుగుతోంది. కొత్తగా చేరిన పిల్ల ఒకతె ఇంటి మీద బెంగతో అన్నం ముట్టడం లేదు. తోటి వంటమనిషి సుప్రజ ఆ పిల్ల ముందు గొంతుక్కూర్చుని, ఒక్క ముద్ద, ఒక్క ముద్ద అని బతిమాలుతోంది. దానమ్మ గరిటె పట్టుకుని అక్కడికి వచ్చింది.

"లెయ్ సుప్రజా. నువ్వు చూస్తాంటే అది తినదు. పెట్టేసి ఈడికి రా. మొగం మీద మొగం పెడితే ఎవురికైనా యాడ దిగుతాది?"

అన్నాక గానీ దానమ్మకు తట్టలేదు. రూబెన్ అన్న మాటే తన నోటి నుంచి వచ్చింది. హాస్టల్లో ఇన్నేళ్ళుగా పాటిస్తున్న పద్ధతి, ఇంటి గడప దాటేసరికి ఎలా మర్చిపోయానా అని తన మీద తనకే నవ్వూ కోపమూ వచ్చాయి.

ఆ సాయంత్రం నుంచి పెద్ద చెంబు అటక ఎక్కింది. చిన్న గ్లాసులు, కాఫీ తాగే స్టీలువి, బయటికి వచ్చాయి. ఫెబా పరీక్ష పేపర్లు దిద్దుకుంటుంటే ఆ పక్కన ఒకటి పెట్టి వెళ్ళిపోయేది. అందులో ఒకసారి నీళ్ళలాంటి మజ్జిగ, చిటికెడు ఉప్పు, జీలకర్ర. ఇంకోసారి చల్లారిన చారు. మంచం దగ్గర దోసకాయ ముక్కలు. తాగినావా అని అడగదు, ఆ వైపు చూడదు. వంటింట్లో గిన్నెల చప్పుడు కాస్త ఎక్కువ చేస్తుంది, నేను ఇక్కడే ఉన్నాను, నిన్ను చూడటం లేదు అని తెలియడానికి. గ్లాసు ఖాళీ అయిందో లేదో మాత్రం తీసేటప్పుడు చూసేది. నిండుగా ఉంటే ఒక్క మాట అనకుండా పారబోసి వేరేది పెట్టేది. ఇంత ఓర్పు తనలో ఉందని దానమ్మకే తెలియదు.

కాచి చల్లార్చిన నీళ్ళలో నిమ్మరసం కలిపి, చిన్న గిన్నెల్లో పోసి ఫ్రిజ్ పైఅరలో గడ్డకట్టించడం ఫెబా కనిపెట్టిన ఉపాయం. ఐసుకు వాసన లేదత్తా అంది. ఐసు తింటే బిడ్డకు జలుబు చేస్తుందని దానమ్మ నమ్మకం. నంద్యాలకు ఫోను చేస్తే, శుభ్రమైన నీళ్ళతో చేసిందైతే భయం లేదని నర్సమ్మ చెప్పింది. కటుక్కుమని ఐసు కొరికే చప్పుడు వినిపించినప్పుడల్లా దానమ్మ పళ్ళు జివ్వుమనేవి. అయినా సరే, ఆ చప్పుడు కోసమే చెవులు రిక్కించి ఉండేది.

ఆ శుక్రవారం కోడలిని ఇంట్లోనే ఉంచి ఒక్కతే కూడికకు వెళ్ళింది. సాక్ష్యాలు చెప్పే సమయంలో లేచి నిలబడి, "మా కోడలు భక్తితో ఉపవాసముందని మీకందరికీ చెప్పినా. ఆయమ్మ నీళ్ళు తప్పించుకుందామని ఉండింది. నేనే తెలివి లేక పొంగిపోతి. ఆ బిడ్డ కోసరం ప్రార్థన చేయండి," అని కూర్చుంది. ఆడవాళ్ళు నవ్వు ఆపుకోలేకపోయారు. డేవిడయ్య కూడా నవ్వి, తర్వాత కళ్ళు మూసుకుని చాలాసేపు ప్రార్థన చేశాడు.

మళ్ళీ స్కానింగు రోజు వచ్చింది. డాక్టరమ్మ తెర చూసి, పెరిగింది, ఇలాగే కానివ్వండి అంది. దానమ్మ స్తోత్రం చెప్పడం కూడా మర్చిపోయి, ఇంకోసారి చూడు మేడం అంది.

నెలలు నిండాకే నంద్యాలలో కాన్పయింది. ఆడపిల్ల. ఒళ్ళంతా ఎర్రగా, పిడికిళ్ళు బిగించి, గట్టిగా ఏడ్చింది. మరునాడు మధ్యాహ్నం మహాలక్ష్మి వెల్లుల్లి, శొంఠిపొడి మూట కట్టుకుని ఆత్మకూరు నుంచి బస్సెక్కి ఆసుపత్రికి వచ్చింది. యేసుదాసుకు అక్క. ఇంట్లో పెళ్ళయినా చావయినా ఆమె మాటే మాట. దానమ్మ ఆ ఇంట కోడలిగా అడుగుపెట్టిన నాటి నుంచి వదిన ముందు గొంతెత్తిన పాపాన పోలేదు.

ఫెబా కళ్ళు తెరిచింది.

"అత్తా, నీళ్ళు."

"మజ్జిగ తెద్దునా? చారుండాది."

"వద్దత్తా. ఉత్త నీళ్ళు."

దానమ్మ తన చెవుల్ని తానే నమ్మలేకపోయింది. గబగబా గ్లాసు నిండా పోసి తెచ్చింది.

"గుక్కెడు చాలు," అంది మహాలక్ష్మి మంచం పక్క నుంచి. "బాలింతకు నీళ్ళు ఎక్కువిస్తే పొట్ట జారుతాది. బిడ్డకు చలువ చేస్తాది."

"డాక్టరమ్మ బాగా తాగమనింది వదినా. పాలు పడాల గదా."

"వాళ్ళట్లనే చెప్తారులే. మనం కనలేదా, పెంచలేదా?"

గ్లాసు దానమ్మ చేతిలో ఆగింది. రూబెన్ పుట్టినప్పుడు ఆమె తల్లి మంచాన పడి ఉంటే కాన్పు అత్తింట్లోనే జరిగింది. అప్పుడు ఆమెకు కాపలా ఉన్నది ఈ వదినే. రోజుకు అరగ్లాసు వేడినీళ్ళు. నాలుక అంగిటికి అతుక్కుపోయేది, నిద్రలో వాగులు కనిపించేవి. ఇన్నేళ్ళుగా ఎవరికీ చెప్పనిది ఇప్పుడు నోటికొచ్చింది.

"రూబెన్ పుట్టినప్పుడు నేను నీళ్ళు దొంగతనంగా తాగినా వదినా. తానానికి కాగులో కాంచిన నీళ్ళు. తడిక చాటున చెంబుతో ముంచుకోని, దినామూ తాగినా. ఆ నీళ్ళే లేకపోతే నేనుందునో లేదో. ఈ పిల్లకు ఆ గతి రానీను."

మహాలక్ష్మి మూట ముడి విప్పుతున్న చేయి ఆపలేదు.

"తెలుసు," అంది.

"ఏం తెలుసు?"

"మొదటి దినమే గుటకల సద్దు వింటి. తడిక ఇవతల కూచోనుండింది నేనే గదా. అప్పటిసంది ఒళ్ళునొప్పులకని ఆ కాగులో వేసే వావిలాకు వేయడం మానేస్తి. మా అమ్మకు తెలీకుండా ఆకు వేరే కుండలో ఉడకేసి, కడాకు తెచ్చి నీ ఒంటి మీద పోస్తాంటి. ఆ కసరు నీళ్ళు ఏం తాగుతావులే అని."

ఆ కాగు నీళ్ళకు ఆకు వాసన లేకపోవడం దానమ్మకు ఇప్పుడు గుర్తొచ్చింది. ఎవరో వేయడం మర్చిపోయారనుకుంది అప్పట్లో. ఇన్నేళ్ళూ ఈ మనిషికి భయపడింది, లోలోపల తిట్టుకుంది కూడా. ఏడుపు ముంచుకొచ్చింది.

"మరి ఇప్పుడెందుకు గుక్కెడంటాండావు వదినా?"

మహాలక్ష్మి మూటలోంచి శొంఠిపొడి బయటికి తీసింది. "ఏమో. మా అమ్మ మాట, నోటికొచ్చె," అంది.

తర్వాత లేచి, దానమ్మ చేతిలోని గ్లాసు తాను అందుకుని, ఫెబా మెడ కింద చేయి వేసి తల ఎత్తింది. ఫెబా ఎక్కడా ఆగకుండా తాగింది. మహాలక్ష్మి ఖాళీ గ్లాసు దానమ్మ చేతికిచ్చింది.

"చాల్లేదు దానికి. ఇంకో గ్లాసు పట్టుకరాపో."