మాత్ర రైలుకు పదిహేను వోల్టులు

పదకొండు గంటల ఇరవై నిమిషాలకు, పొద్దున పోయిన కరెంటు వచ్చింది. ఎప్పటిలాగే రావాల్సిన దానికన్నా ఎక్కువ వచ్చింది. ట్యూబులైటు ఒక్కసారి తెల్లగా వెలిగి ఆరిపోయింది. బల్ల కింద ఏదో టప్పుమంది. మా ఆయన్ను పడుకోబెట్టిన ఫ్రీజరు పెట్టెకు మాత్రం ఏమీ కాలేదు. దాన్ని అద్దెకిచ్చినతను ప్లగ్గు ముట్టుకుని చూసి, "మన పెట్టెకు స్టెబిలైజరుండాదమ్మా, భయపడబాకండి" అన్నాడు. టప్పుమన్నది రైలు అడాప్టరని సాయంత్రం దహనమై అందరూ తిరిగొచ్చాక తెలిసింది.

రైలు ఆయనది. పశువుల ఆసుపత్రిలో కాంపౌండరుగా రిటైరయ్యాక, ముందు గది నుంచి వంటింటి గట్టు దాకా గోడ వెంబడి చెక్క కొట్టి బొమ్మ రైలుకు పట్టాలు పరిచారు. బండి ఎక్కడ కదలాలో, ఎక్కడ ఆగాలో కంట్రోలరు అనే చిన్న పెట్టె చెబుతుంది, అడాప్టరు దానికి కరెంటు ఇస్తుంది. రోజూ ఎనిమిదింటికి గూడ్సు బండి నా బీపీ మాత్ర వేసుకుని బయల్దేరేది. వంటింటి గట్టు దగ్గర ఒక్క నిమిషం ఆగేది. ఆలోగా తీసుకోకపోతే మాత్రతో సహా వెనక్కి పోయేది. "టైమంటే టైమే" అనేవారు. పప్పు మాడుతుంటే గరిటె పడేసి పరిగెత్తిన రోజులున్నాయి. ఆ నిమిషం ఇంజనులో లేదు, కంట్రోలరులో ఉంది. ఎలా పెట్టారో ఆయన చెప్పలేదు, నేను అడగలేదు. పెట్టె కాలితే ఆ నిమిషం పోతుంది. మళ్లీ పెట్టగలిగినవాళ్లు ఎవరూ లేరు.

చిన్నకర్మ రోజు కాలవ గట్టున పిండం పెడితే కాకి ముట్టలేదట. మా వైపు అన్నీ రొయ్యల గుంటలు, కాకులకు తిండి కరువు లేదు. గంట నిలబడ్డాక పురోహితుడు, తీరని కోరికేమైనా ఉందా అని అడిగారట. మా మరిది చేతులు జోడించి, "అన్నా, పెద్దకర్మ నాటికి నీ రైలు నడిపిస్తాం" అన్నాడట. కాకి వాలింది. మాట విని వాలిందో, జనం విసిగి వెనక్కి జరిగారని వాలిందో నాకు తెలియదు.

ఆ సాయంత్రం నుంచి పరామర్శకు వచ్చేవాళ్లు పండ్లకు బదులు అడాప్టర్లు తేవడం మొదలుపెట్టారు. టీవీ పెట్టెది, కాళ్లు పట్టే మిషనుది, పాడైపోయిన కంప్యూటరుది. నా చెయ్యి పట్టుకుని కాసేపు ఏడ్చి, కొంగు చాటు నుంచి తీసి చాప మీద పెట్టేవాళ్లు. చావింటి నుంచి వెళ్లేటప్పుడు వెళ్లొస్తామని చెప్పరు కనుక చప్పుడు లేకుండా వెళ్లిపోయేవాళ్లు. ఏది ఎవరిదో తెలియలేదు. తెలిసినా చావింట్లో పెట్టింది తిరిగి తీసుకోరు. ఐదో రోజుకు ఇరవై మూడయ్యాయి.

కాలిపోయినదాని మీద చూస్తే ఎన్ని వోల్టులో తెలియాలి. కానీ ఆయన ఇంట్లో ప్రతి వస్తువుకూ తెల్ల ప్లాస్టరు అంటించి పేరు రాసేవారు. దీని మీద "రైలుది" అని ఉంది. ప్లాస్టరు పీకితే కింది అచ్చంతా దాంతోపాటే వచ్చేసింది.

మరిది గుంటల దగ్గర నుంచి ఇరవై నాలుగు వోల్టులది తెచ్చాడు. "పెట్టి చూద్దాం వదినా. ఎక్కువిస్తే ఎక్స్‌ప్రెస్సయిపోద్ది."

"ఎక్స్‌ప్రెస్ మన వంటింట్లో ఆగదు నాయనా."

మరిదిని ఆపి, మా ఆయన మందుల పెట్టె వెతికితే అడుగున కంట్రోలరుతో వచ్చిన పుస్తకం దొరికింది. పదిహేను వోల్టులు, డీసీ. మూడు ఆంపియర్లకు తగ్గకూడదు. ప్లగ్గు నడిమి సూదికి ప్లస్. రెండుసార్లు చదివాను. వోల్టులు సరిగ్గా ఉండాలి, ఎక్కువైతే పెట్టె కాలుతుంది. ఆంపియర్లు మిగిలినా నష్టం లేదు, పెట్టె తనకు కావలసినంతే తీసుకుంటుంది. చాలకపోతేనే బండి మధ్యలో ఆగుతుంది. చాప మీద ఇరవై మూడింటినీ భూతద్దంతో చూశాను. పన్నెండువి చాలా ఉన్నాయి, పంతొమ్మిదివి కొన్ని. పదిహేనుది ఒకటి దొరికింది కానీ ఒక్క ఆంపియరే.

తొమ్మిదో రోజు పక్కింటామె వచ్చింది. వాళ్లు క్రైస్తవులు, బుధవారాలు వాళ్లింట్లో ప్రార్థన కూటం. "అక్కా, ఇది మా కూటం స్పీకరుది. పనికొస్తదేమో చూడు. బుధవారం మాత్రం మళ్లీ ఇచ్చెయ్యాల" అంది. పదిహేను వోల్టులు, డీసీ, నాలుగు ఆంపియర్లు, నడిమి సూదికి ప్లస్.

మా పెద్దత్త అడ్డుపడింది. "చావింట్లో పెట్టింది మళ్లీ తీసకపోతావంటే?"

"మాకు అట్టాంటిదేం లేదు పెద్దమ్మా."

"ప్రార్థన కరెంటుతో మావాడి రైలా? కాకి ఒప్పుకుంటదా?"

"కాకికి వోల్టులు తెలవవులే పెద్దమ్మా" అని, అందరికీ వినపడేలా "పొయ్యొస్తానక్కా" అని చెప్పి వెళ్లింది. అన్ని రోజుల్లో ఆ మాట చెప్పింది ఆమె ఒక్కతే.

పెద్దకర్మ రోజు ఎనిమిదింటికి ఇరవైమంది వంటింట్లో గోడకు ఆనుకుని నిలబడ్డారు. అడాప్టరు పెట్టి స్విచ్చు వేసింది నేనే. కాలిన వాసన వస్తుందేమోనని పెట్టె దగ్గరికి వంగాను. పెట్టె మీద దీపం వెలిగాక వంటింట్లోకి వచ్చాను. ముందు గదిలో మరిది బండిలో చిన్న గారె ముక్క పెట్టి, నేను చూపించిన బటను నొక్కాడు. గూడ్సు బండి గోడ వెంబడి వచ్చి వంటింటి గట్టు దగ్గర ఆగింది. గారె ఎవరు తీసుకోవాలో ఎవరికీ తెలియలేదు. పెద్దత్త కళ్లు మూసుకుని దణ్ణం పెట్టింది. నేను గడియారం చూశాను. సరిగ్గా నిమిషం. బండి గారెతో వెనక్కి పోయింది.

"టైమంటే టైమే" అన్నాడు మరిది ముందు గదిలోంచి. కాసేపు వంటింట్లోకి రాలేదు.

అడాప్టరు బుధవారం వాళ్లింటికి పోయి గురువారం మా ఇంటికి వస్తుంది. ఇరవై మూడూ గోనెసంచిలో ఉన్నాయి. కంట్రోలరు బాగానే ఉంది, నిమిషం అందులోనే ఉంది. కానీ బండి పంపడానికి ముందు గదిలో ఒకరు, అందుకోవడానికి వంటింట్లో ఒకరు ఉండాలి. మాత్ర ఇప్పుడు డబ్బాలోంచి నేనే తీసుకుంటున్నాను. రైల్లో పంపడం లేదు.