పైప్స్ మొదలుపెట్టిన వానాకాలం

ఆ పెట్టె మా ఇంటికి వచ్చేసరికి యాంగోన్‌లో వానలు పట్టుకున్నాయి. నాతోపాటు ట్యూషన్ సెంటర్లో ఇంగ్లీషు చెప్పిన ఐర్లండ్ ఆవిడ ఒకరు, సైన్యం గద్దెనెక్కి రోజులు చెడ్డాక తన దేశానికి వెళ్ళిపోయారు. ఇక్కడున్నప్పుడు మధ్యాహ్నం భోజనాల వేళ ఆవిడ వాళ్ళ దేశపు తిత్తివాద్యం, ఇలియన్ పైప్స్, వాయిస్తుంటే నేను అన్నం తినడం మరిచిపోయేదాన్ని. అది గుర్తుపెట్టుకుని, ఎవరో ఇటు వస్తుంటే వాళ్ళచేత కొత్త సెట్టు పంపించారు.

నోటితో ఊదేది కాదది. కుడి మోచేతి కింద కొలిమితిత్తి లాంటి చిన్న తిత్తి, ఎడమ చంకలో తోలుసంచి. తిత్తి ఆడిస్తే గాలి సంచిలోకి పోతుంది. సంచిని నొక్కితే, చాంటర్ అనే బెజ్జాల గొట్టంలోకి వస్తుంది. ఆ గొట్టం తలలో సన్నాయి పీకలాంటి రీడు ఉంటుంది. ఫోన్లో దించుకున్న మొదటి పాఠం ఒకటే చెప్పింది: పాటల జోలికి పోకు, ఒక్క స్వరాన్ని వణక్కుండా నిలబెట్టు.

మొదటిసారి శబ్దం వచ్చినప్పుడు మా మేనత్త వంటింట్లోంచి పరుగున వచ్చింది. నేనూ ఆవిడా ఇద్దరమే ఉంటాం ఆ మూడో అంతస్తులో.

“ఏటే అది? దూడ పీక నొక్కీసినట్టుంది.”

“వాద్యం, అత్తా. నేర్చుకుంటున్నాను.”

“ఈ రోజుల్లో అంత సప్పుడు మంచిది కాదే. అందరి సెవులూ మన మీద పడతాయి.”

ఆవిడ అన్నది నిజం. కుర్రాళ్ళను సైన్యంలోకి పట్టుకుపోవడం మొదలయ్యాక మా భవనంలో ఎవరూ గట్టిగా మాట్లాడటం లేదు. మెట్ల మీద కొత్త అడుగులు వినబడితే, అవి దాటిపోయేదాకా ప్రతి అంతస్తులోనూ మాటలు ఆగిపోయేవి. ఎవరింట్లో ఎవరున్నారో చూడటానికి వార్డు ఆఫీసు మనిషి సాయంత్రాలు వచ్చేవాడు.

వాన తేమకి రీడు బిగుసుకుపోయింది. ఎంత నొక్కినా కీచుమని అరిచి ఆగిపోయేది. మానేద్దామా అనుకుంటుండగా పక్కింటి బర్మా ఆవిడ గిన్నెలో మొహింగా, చేపల పులుసు పోసిన సేమ్యా, పట్టుకుని వచ్చింది. ఇద్దరం బర్మా భాషలోనే మాట్లాడుకున్నాం.

“శబ్దం ఎక్కువవుతోందా? తగ్గిస్తాను,” అన్నాను.

“లేదక్కా. సాయంత్రం పూట వాయించండి. మా గోడ దగ్గర కూర్చుని.”

“నాకింకా రాదు.”

“రాకపోయినా పర్వాలేదు.”

ఆ మాట అంటున్నప్పుడు ఆమె నా మొహం చూడలేదు. ఆమె వెళ్ళాక అత్త తలుపు వేసి గొంతు తగ్గించింది.

“ఆళ్ళింట్లో ఎవరో దగ్గుతన్నారే. కొన్నాళ్ళ నుంచీ ఇంటన్నాను.”

“ఆమె ఒక్కతే కదా ఉండేది? తమ్ముడు థాయ్‌లాండ్ వెళ్ళిపోయాడంది.”

“అన్నాది. నువ్వేటీ అడగొద్దు.”

ఆ సాయంత్రం నుంచి గోడకి ఆనుకుని కూర్చున్నాను. అవతల దగ్గు లేచినప్పుడల్లా తిత్తి గట్టిగా ఆడించేదాన్ని. సంచిలో గాలి తగ్గితే శబ్దం తగ్గుతుంది, శబ్దం తగ్గితే దగ్గు మెట్ల దాకా వినబడుతుంది. పాఠాల వల్ల కుదరని నిలకడ, భయం వల్ల నా ఎడమ చేతికి వచ్చింది.

ఒక సాయంత్రం వార్డు మనిషి నేరుగా మా ఇంటికే వచ్చాడు. పెద్దవాడు, ఊలే అని పిలుస్తాం, బాబాయి అన్నట్టు. కారుతున్న గొడుగు తలుపు దగ్గర ఆనించి కుర్చీలో కూర్చున్నాడు.

“ఏం యంత్రం ఇది?”

“వాద్యం, ఊలే.”

“వాయించు.”

వాయించాను. ఆయన నా వేళ్ళు చూడలేదు, గది చూస్తున్నాడు. కాసేపటికి రీడు మూగబోయింది. గాలి బుస్సుమంది తప్ప శబ్దం రాలేదు. ఆ నిశ్శబ్దంలో గోడ అవతల పొడిదగ్గు, మగమనిషిది, రెండుసార్లు.

ఆయన తల గోడవైపు తిరిగింది.

అప్పుడు మంచం మీద అత్త దగ్గింది. ఒళ్ళంతా వంచి, కళ్ళల్లో నీళ్ళు కారేలా దగ్గుతూనే ఉంది. “ఈ వానలకి నా గుండెలు పాడైపోయాయి, నాయనా,” అంది బర్మా భాషలో. నాతో తెలుగులో, “మంచినీళ్ళు తేవే, సూస్తావేటి,” అంది.

ఆయన ఆవిడని చూశాడు, మళ్ళీ గోడని చూశాడు.

“మందు వేసుకోండి,” అని లేచాడు. గుమ్మం దగ్గర ఆగి, “ఈ శబ్దం వీధి చివరిదాకా వినబడుతోంది,” అన్నాడు.

తలుపు వేశాక అడుగులు వినబడలేదు. బయటే నిలబడి ఉన్నాడు. అత్త దగ్గు ఆపలేదు. నేను ఆవిడ చెయ్యి పట్టుకున్నాను. చాలాసేపటికి అడుగులు మెట్లు దిగాయి.

తెల్లారేసరికి పక్కింటికి తాళం వేసుంది. గుమ్మం ముందు చెప్పులు లేవు. ఎప్పుడు వెళ్ళారో, ఎటు వెళ్ళారో మాకు తెలియదు. వార్డు మనిషి వచ్చి అడిగితే అదే చెప్పాం. ఇప్పటికీ వాళ్ళ కబురు లేదు.

నేను సాయంత్రాలు వాయించడం మానేశాను. ఐర్లండ్ ఆవిడ ఫోన్లో చెప్పినట్టు రీడు చుట్టూ ఉన్న రాగి తీగని వెంట్రుకవాసి జరిపితే శబ్దం సులువుగా పలికింది. మధ్యాహ్నం పూట ఒక నెమ్మదైన పాట మొదలుపెట్టాను.

వానలు తగ్గుముఖం పట్టాక పక్కింట్లోకి ఒక జంట దిగింది. సామాను పెద్దగా లేదు. నేను తలుపు తీసినప్పుడల్లా వాళ్ళ తలుపు కూడా కొద్దిగా తెరుచుకునేది. ఒకరోజు మెట్ల మీద అతను నవ్వుతూ పలకరించాడు.

“బాగా వాయిస్తున్నారు. మరి సాయంత్రాలు ఎందుకు మానేశారు?”

నేను మానేసింది అతను ఆ ఇంటికి రాకముందు. అతనికి ఎవరు చెప్పినట్టు? ఏదో గొణిగి పైకి వచ్చేశాను. అత్తకి చెబితే లేచి వెళ్ళి తలుపు గడియ వేసి వచ్చింది.

“ఈ సాయంత్రం వాయించు,” అంది. “రేపూ వాయించు. మానీసినావంటే ఎందుకు మానీసినావో ఆళ్ళకి తెలిసిపోతాది.”

చీకటి పడుతుండగా తోలుసంచి చంకలో పెట్టుకుని, ఆ గోడకి దూరంగా కూర్చున్నాను. స్వరం వణకలేదు. అవతల ఏ చప్పుడూ లేదు.