మోగని గంట పాఠం

మా సారు పోయారు. పోయిన నెలలో ఒక మంగళవారం పొద్దున, తిరువళ్ళూరులో, వాళ్ళింట్లోనే. కబురు వచ్చేసరికి నేను తిరుత్తణి కాలేజీ లాబులో డబ్బాలు సర్దుతున్నాను. చేతిలోదానికి మూత పెట్టి కూర్చున్నాను. ఏడుపు అప్పుడు రాలేదు, రైల్లో వచ్చింది.

ఆయన ఎలక్ట్రానిక్స్ చెప్పేవారు. నేను ఆ లాబులో అటెండరుని, చదివింది ఊరిబడిలో ఐదో తరగతి. నేను రిటైరైనా ఆయన కోసం పోతూనే ఉన్నాను. రోజూ కాలేజీకి రాలేని పిల్లలకని ఆయన పాఠాలు ఫోన్లో తీసి ఆన్‌లైన్‌లో పెట్టేవారు. చేసి చూసుకునే సామాన్లు మిఠాయి డబ్బాల్లో పెట్టి వెంగల్‌కు, ఊత్తుకోటకు, ఇంకా ఎక్కడెక్కడికో పంపేవాళ్ళం.

ఏ పాఠమైనా ముందు నాకే. ఫోను నా చేతికిచ్చి తను వరండాలోకి వెళ్ళి నిలబడేవారు. అది విని నేను ఒంటరిగా చేయగలిగితేనే పిల్లలకు పోతుంది.

ఒకసారి ట్రాన్సిస్టరు చదును ముఖం ఎటు తిప్పాలో చెప్పడం మరిచారు. నాకు తెలియలేదు. అడగడానికి సిగ్గు. అయింది సార్ అనేశాను. పాఠం పిల్లలకు పోయింది. చాలా ఇళ్ళలో దీపం వెలగలేదు. ఒక అమ్మాయి తనకిక చదువు రాదనుకుని డబ్బా తిప్పి పంపేసింది. సారు ఆ డబ్బా నా ముందు పెట్టారు.

"నీకు తెలవలేదంటే తప్పు నాది అన్నా. తెలిసిందంటివి, తప్పు ఆ బిడ్డదైపోయింది."

ఆయన అరిచే మనిషి కాదు. ఎవరితో మాట్లాడినా వాళ్ళ చేతులే చూసేవారు. తనే కెపాసిటరు తిరగేసి పెట్టి పేల్చుకున్న పాఠం తీసెయ్యండి సార్ అంటే ఒప్పుకోలేదు. "వాళ్ళింట్లో పేలితే, సారుకీ పేలిందిలే అనుకోవాల గదా" అన్నారు.

చివరికి ఊపిరి అందేది కాదు. అయినా మంచం మీదే ఇంకో పాఠం తీశారు, నీళ్ళతొట్టి నిండితే మోగే గంట గురించి. పక్కనే కూర్చుని చేశాను. మోగలేదు. ఏదో ఒక తీగ సంగతి చెప్పడం మరిచారు. ఆయన నా చేతులే చూస్తున్నారు.

"మోగలేదు సార్" అన్నాను.

తలాడించి, మళ్ళీ మొదటి నుంచి ఎత్తుకున్నారు. రెండు మాటలకోసారి ఆగుతూ చెప్పారు. ముగిసేసరికి మధ్యాహ్నం దాటింది. ఈసారి గంట మోగింది. ఆ వారమే పోయారు.

మూడోనాడు శ్మశానంలో పాలు పోసి వచ్చాక సారు భార్య నా దగ్గరకు వచ్చి మెల్లిగా అడిగింది. "మోగిందని చెప్పుండొచ్చు గదా అన్నా." కోపంగా కాదు. నేను తల దించుకున్నాను.

ఆ పాఠం పిల్లలకు వెళ్ళింది. మాటకూ మాటకూ నడుమ ఊపిరి లాగే చప్పుడు అందులో అలాగే ఉంది. ఇప్పుడూ అది పెట్టుకుని ఆ గంట చేస్తుంటాను. తీగ తగిలించమని చెప్పి ఆయన ఆగుతారు. చాలాసేపు ఆగుతారు. మళ్ళీ మాట వచ్చేదాకా నేను తీగ పట్టుకుని అలాగే కూర్చుంటాను.