పెనుకొండ కాఫీ మిషనూ, కిరసనాయిల్లో నానిన వాషర్లూ

2022, శ్రావణ మాసం. హిందూపురంలో మార్కెట్‌కు పోయే సందులో మా అంగడి. స్టవ్వులు, కుక్కర్లు బాగుచేయడం మా నాయన నేర్పిన పని. నేను చదివింది మూడో తరగతే. కానీ ఒకసారి విప్పిన వస్తువులో ఏ మర ఎక్కడిదో పదేళ్లయినా మరిచిపోను. నాయన పోయాక అంగట్లో నేనే కూర్చున్నాను. ఆడమనిషి స్టవ్వు బాగుచేయడమేమిటని మొదట్లో తొంగిచూసి పోయినవాళ్లే, తరవాత కుక్కరు చేత పట్టుకుని లోపలికి వచ్చారు.

ఆ రోజు ఆటోలోంచి మొగుడూ పెళ్లాం ఇద్దరూ కలిసి గోనెపట్టా చుట్టిన పెద్ద మూట దించారు. ఆయన పేరు నాగభూషణం, ధర్మవరంలో పట్టుచీరలు నేసే మనిషి. ఆమె ఆదిలక్ష్మి. అంతకు ముందు రెండుసార్లు కుక్కరు తెచ్చారు కాబట్టి ముఖాలు తెలుసు. మూట విప్పితే లోపల నల్లబడిన ఇత్తడి పీపా లాంటిది ఉంది. దాని పైన మూరెడు పిడి.

"ఇదేందప్పా, బోరింగా?" అన్నాను.

"కాఫీ మిషనక్కా. బెంగళూరులో పాత హోటలొకటి మూసేస్తాంటే తెస్తి."

"తెస్తి అంటాండాడు చూడక్కా," అంది ఆదిలక్ష్మి. "మగ్గం ఇచ్చేసి తెచ్చినాడని చెప్పల్ల గదా."

అప్పుడు సంగతి తెలిసింది. గుంట మగ్గం మీద నేసేవాళ్లు కాళ్లు గుంటలోకి దించి, పొద్దుగూకులూ తొక్కుతూ ఉండాలి. నాగభూషణానికి మోకాళ్లు రెండూ అరిగిపోయాయి. నిలబడి ఏ పనైనా చేసుకో, గుంటలో కూర్చోవద్దని డాక్టరు చెప్పేశాడు. ఆయన సొంత మగ్గం అమ్మి ఈ మిషను కొన్నాడు. పెనుకొండ బస్టాండు దగ్గర చిన్న గది బాడుగకు మాట్లాడుకున్నాడు. దసరాకు కాఫీ అంగడి తెరవాలని ఆశ. ఈ మిషను పనిచేయకపోతే ఆ మోకాళ్లతోనే వేరేవాళ్ల మగ్గం మీద కూలికి కూర్చోవాలి.

"బెంగళూరులో అడిగితే ఇంత పాతది మేం ముట్టమన్నారు. కింద గ్యాసు బర్నరు చూసినాక, హిందూపురంలో అక్క ఉండాది గదా అనుకుంటి," అన్నాడు.

నేను అలాంటి మిషను కళ్లతో చూడటం అదే మొదలు. ఆ మాట ఆయనకు చెప్పాను. అయినా ఒప్పుకున్నాను.

రెండు రోజులు దాన్ని ఊరికే చూశాను. కింద మంట, దాని మీద నీళ్లు మరిగే ఇత్తడి బాయిలరు. ముందు వైపు ఒక గొట్టం, అందులో పిస్టన్, దాని మీద గట్టి స్ప్రింగు. పైనున్న పిడిని లీవరు అంటారు. దాన్ని కిందికి లాగితే స్ప్రింగు నొక్కుకుపోయి, వేడినీళ్లు గొట్టంలోకి వస్తాయి. వదిలితే స్ప్రింగు పిస్టన్‌ను తోస్తుంది, ఆ నీళ్లు గొట్టం కింద బిగించే చిల్లుల గిన్నెలోని కాఫీపొడి గుండా చిక్కగా కారతాయి. అదే ఎస్ప్రెసో. కరెంటు పంపు లేదు, మనిషి చెయ్యే పంపు. పిస్టన్ చుట్టూ రబ్బరు వాషర్లు ఉంటాయి. అవి సరిగ్గా పట్టుకుంటేనే ఇదంతా జరుగుతుంది.

బాయిలరు లోపల సున్నం మందంగా పేరుకుపోయింది. నిమ్మ ఉప్పు వేసి మూడుసార్లు కాచి వదిలించాను. బర్నరు రంధ్రాలు సూదితో తీశాను. సేఫ్టీ వాల్వు, అంటే ఆవిరి హద్దు దాటితే తనంతట తాను వదిలేసే మూత, విప్పి తుడిచి పనిచేస్తుందో లేదో చూసుకున్నాను. అంతవరకు బాగానే చేశాను.

పిస్టన్ దగ్గర తప్పు చేశాను. పాత హోటలాయన ఎప్పుడో కొని దాచి, మిషనుతో పాటు ఇచ్చిన కొత్త వాషర్లు ఒక జత ఉంటే వాటిని ముందే తొడిగి చూశాను, సరిపోయాయి. పిస్టన్ మీద జిడ్డు ఇంకా కనబడింది. పంపు స్టవ్వు భాగాలకు జిడ్డు పడితే మా నాయన కిరసనాయిల్లో నానేసేవాడు. నా చెయ్యి అదే చేసింది. వాషర్లతో సహా పిస్టన్‌ను డబ్బాలో వేసి, కిరసనాయిలు పోసి మూత పెట్టాను. పంపు స్టవ్వులో ఉండేది తోలు వాషరు, దీంట్లో ఉన్నది రబ్బరు. ఆ తేడా నాకు తట్టలేదు.

మరునాడు మధ్యాహ్నం తీస్తే వాషర్లు నానబెట్టిన శెనగల్లా ఉబ్బి ఉన్నాయి. గొట్టంలోకి ఎక్కించబోతే ఒకటి చీలిపోయింది. ఆ జత తప్ప వేరే లేవు.

నిజం చెప్పాలి. పాత రబ్బరు, వేసేటప్పుడే చీలిపోయిందని చెబితే వాళ్లు నమ్ముతారు. ఆ మాట నోటి దాకా వచ్చింది కూడా. కానీ ఆయన పట్టుకుని నిలబడాల్సిన పిడి అది. దానిమీద అబద్ధం చెబితే ఆ తరవాత ఆయన ముఖం ఎలా చూడాలి? ఫోన్ చేసి రమ్మన్నాను. ఇద్దరూ వచ్చారు.

"నాగభూషణం, నేనే పాడు చేసినా," అని డబ్బా ముందు పెట్టాను. ఎలా పాడయిందో చెప్పాను.

ఆయన ఉబ్బిన వాషరును వేళ్ల మధ్య తిప్పి చూశాడు. నేను తిట్లకు సిద్ధపడ్డాను.

"పడుగులో పోగు తెగినప్పుడు చెప్పకుండా దాచినోళ్లను చూసినానక్కా," అన్నాడు ఆయన చివరికి. "చీరంతా నేసినాక తెలుస్తాది. అప్పుడేం చెయ్యగలం? నువ్వు ఇప్పుడే చెప్తివి. ఇంగ చూద్దాంలే."

"చూద్దామంట," అంది ఆదిలక్ష్మి. "దసరా మన కోసం ఆగుతాదా?" అంటూనే, "నీళ్లు తాగక్కా ముందు. ముఖమంతా పీక్కుపోయి ఉండాది," అని తన సీసా నా చేతికిచ్చింది.

కొత్త వాషరుకు కొలత కావాలి. నేను ఉబ్బినదాన్నే స్కేలుతో కొలవబోయాను.

"అదెందుకక్కా? ఉబ్బినదాన్ని కొలిస్తే ఉబ్బిన కొలతే వస్తాది. అది కూర్చునే తావు కొలువు," అన్నాడు. జేబులోంచి పట్టుదారం ముక్క తీసి, పిస్టన్ మీది గాడి చుట్టూ ఒక్క చుట్టు తిప్పి, గోటితో నొక్కి ముడి వేశాడు. గొట్టం లోపలి వెడల్పుకు చీపురుపుల్లను తుంచి తుంచి సరిపెట్టాడు. ఎన్నో ఏళ్లుగా పోగులు లెక్కపెట్టిన చేతులవి. స్కేలుకు అందని కొలతలు ఆ దారానికి అందాయి.

దారాన్నీ పుల్లనూ కాగితంలో చుట్టుకుని తనే బెంగళూరు పోయాడు. రబ్బరు సామాన్ల అంగట్లో, తిండి వస్తువులకు వాడేది, వేడికి ఆగేది కావాలని అడిగి తెచ్చాడు. మొదట తెచ్చినవి ఒదులయ్యాయి. మళ్లీ పోయి వచ్చాడు. రెండోసారి తెచ్చినవి బిగువుగా కూర్చున్నాయి. ఈలోపు దసరా దాటిపోయింది. పెనుకొండ గది ఖాళీగానే ఉంది.

ఇక వాడి చూడటం. ముందు ఉత్త నీళ్లతో లాగి వదిలాం, బాగా కారాయి. ఆదిలక్ష్మి ఇంటి నుంచి కాఫీపొడి డబ్బా తెచ్చింది. నాగభూషణం గిన్నెలో పొడి నింపి, బిగించి, లీవరు లాగి వదిలాడు. లీవరు పైకి లేవలేదు. రెండు చుక్కలు పడ్డాయి, అంతే.

"యాడో అడ్డం పడినట్టుండాది," అంటూ గిన్నె పిడి మీద చెయ్యి వేశాడు.

నేను ఆ చెయ్యి గట్టిగా పట్టుకున్నాను. "ముట్టుకోవద్దప్పా. ఆవిరి పోకముందే కుక్కరు మూత తీస్తావా?"

లోపల స్ప్రింగు నొక్కుకునే ఉంది, దాని కింద మరిగే నీళ్లున్నాయి. గిన్నె విప్పితే ఆ నీళ్లూ పొడీ చేతుల మీదికి చిమ్ముతాయి, పైనున్న లీవరు ఎగిరి దవడకు తగులుతుంది. గ్యాసు కట్టేసి, ముగ్గురం దూరంగా కూర్చున్నాం. లీవరు చాలాసేపటికి కొంచెం కొంచెంగా పైకి లేచింది. చల్లారాక విప్పితే పొడి తడిసిన బంకమన్నులా ఉంది.

"ఇది చికోరీ కలిపిన పొడే గదా?" అన్నాను.

"అవునక్కా, ఇంట్లో ఎప్పుడూ అదే," అంది ఆదిలక్ష్మి. "ఫిల్టర్లో బాగానే దిగుతాది గదా."

ఫిల్టరుకు తొందర లేదు కాబట్టి దిగుతుంది. ఇక్కడ ఒత్తిడికి చికోరీ ఉబ్బి జిగురై దారి మూసేసింది. తరవాత చికోరీ లేని గింజలు పట్టించి తెచ్చారు. మొదటిసారి పొడి మరీ బరక, కాఫీ నీళ్లలా దిగి పుల్లగా ఉంది. కొంచెం సన్నగా పట్టించాం, చేదెక్కింది. నాలుగో రోజు లీవరు లాగుతూనే నాగభూషణం, "ఇప్పుడు సరిగ్గా ఉండాది. చేతికి తెలుస్తాంది," అన్నాడు. మగ్గంలో పేక సరిగ్గా కూర్చుంటే కూడా ఇలాగే చేతికి తెలుస్తుందట. తేనె రంగు నురగతో చిక్కటి ధార కిందికి దిగింది.

కార్తీకంలో అంగడి తెరిచారు. నేను పెనుకొండ బస్సెక్కి పోయాను. నాగభూషణం నిలబడి, పిడి లాగి, వదిలి, ఒక్కొక్కరికే చిన్న కప్పులు అందిస్తున్నాడు. నాకూ ఒకటి ఇచ్చాడు. రుచికి నాలుక మీద చుక్క వేసుకోవడమే తప్ప, పాలు లేని కాఫీ నేను ఎప్పుడూ కప్పు నిండా తాగింది లేదు. రెండు గుక్కలు చేదుగా మింగాను, మూడోది బాగుంది.

"ఎట్లుండాదక్కా?" అన్నాడు.

"కషాయం మాదిరుండాది. ఇంకొకటియ్యి," అన్నాను.

ఆదిలక్ష్మి కప్పులు కడుగుతూ, "పొద్దున్నుంచి ఒక్కసారి కూడా మోకాలని మూలగలేదక్కా," అంది, ఆయనకు వినబడనంత మెల్లగా.

ఆ మిషను ఇప్పటికీ నడుస్తోంది. వాషర్లు అరిగితే ఆయన దారం కొలతతోనే తెప్పించుకుంటాడు, వేయడానికి నన్ను పిలుస్తాడు. ఆ పని నాకు నేర్పింది ఇది: స్టవ్వులూ కుక్కర్లూ బాగుచేసిన అదే చెయ్యి, అదే అలవాటు, ఒకచోట వస్తువును పాడు చేసింది, ఇంకొకచోట మనిషిని కాపాడింది. ఏది ఎప్పుడు ఏం చేస్తుందో ముందే తెలియదు. కాబట్టి కొత్త వస్తువు వస్తే, ఇది దేనితో చేసిందని తెచ్చినవాళ్లనే మొదట అడుగుతున్నాను. పాడు చేస్తే ఆ రోజే పిలిచి చెబుతున్నాను. కోప్పడి వస్తువు తీసుకుపోయినవాళ్లు ఉన్నారు, వాళ్లను తప్పు పట్టను. కానీ నేను చెప్పగలుగుతున్నది, మొదటిసారి చెప్పిన రోజు నా ఎదురుగా కూర్చున్నది తిట్టకుండా నీళ్లిచ్చిన ఆ ఇద్దరు కాబట్టే.