గులాబీ గుడ్డ చుట్టిన బిరడా

వెల్గటూర్ దగ్గర గోదావరిలో ఇంజన్ పడవ నడిపే ముత్యానికి నోరు పెద్దది, మతిమరుపు అంతకంటే పెద్దది. అతని పడవ పొగగొట్టం వెనకవైపు నీళ్లకు జానెడు ఎత్తులోనే ఉండేది. ఇంజన్ ఆపి పడవ కట్టేస్తే అలలు ఆ గొట్టంలోంచి నేరుగా లోపలికి పోతాయి. అందుకని భార్య ఎల్లవ్వ ఒక కట్టె బిరడా చెక్కించి, బిగువుగా కూర్చోవాలని తన పాత గులాబీ చీర ముక్క చుట్టింది. పడవ ఆగిందంటే చాలు, ఒడ్డు మీంచే కేకేసేది.

"ఓ అయ్యా, బిరడ పెట్టినవా?"

"పెట్టిన తియ్యే! మొగనికన్న ఇంజనే ఎక్కువాయె నీకు."

"ఇంజన్ చెప్పినట్టింటది మరి!"

సకల జనుల సమ్మె రోజులవి. బస్సుల్లేవు. రోడ్ల మీదే వంటావార్పు. ఆ పొద్దున వెల్గటూర్ ర్యాలీకి బయల్దేరిన వాళ్లందరి చేతుల్లో గులాబీ జెండాలున్నాయి, ముత్యం చేతిలోనే లేదు. నామోషీ అనిపించింది. బిరడాకున్న గుడ్డ విప్పి ఒక కర్రకు కట్టుకున్నాడు. గుడ్డ లేని కట్టె గొట్టంలో నిలవలేదు. "ఒక్క పూటకు ఏమైతది తియ్" అనుకుని, జై తెలంగాణ అంటూ పోయాడు. మధ్యాహ్నం గాలివాన కొట్టింది.

వాన వెలిశాక, వరిచేలో కలుపు తీస్తున్న ఎల్లవ్వను పాము కరిచింది. కబురు విని ముత్యం జెండా చేతిలో ఉండగానే పరుగెత్తుకొచ్చాడు. ఊళ్లో ఉన్న ఒక్క ఆటో ర్యాలీ జనంతో అటునుంచి అటే జగిత్యాల పోయింది. పడవలో పావుగంట పోతే అవతలి ఒడ్డున దవాఖాన ఉంది. ఆమెను పడవలో పడుకోబెట్టి ఇంజన్ హ్యాండిల్ పట్టాడు. తిరగలేదు. తమ్ముడు రాజేశం కూడా పట్టాడు. ఊహూఁ. ఇంజన్ కడుపు నిండా గోదారి నీళ్లే! అయ్యో, ఎంత పని చేసుకున్నాడు!

అన్నదమ్ములు చెరో తెడ్డు అందుకున్నారు. వరద పడవను దిగువకు ఈడుస్తోంది.

"ఇంజన్ సప్పుడు లేదేందయ్యా?" కళ్లు తెరవకుండానే అడిగింది ఎల్లవ్వ.

"డీజిల్ అయిపోయిందే."

"బిరడ పెట్టినవా మరి?"

"పెట్టిన."

"మంచిగైంది" అంది. అవతలి ఒడ్డు చేరేసరికి ఆమె లేదు.

రాష్ట్రం వచ్చిన రోజు ఊరంతా రంగులు చల్లుకుంది. పడవకు కట్టమని రాజేశం కొత్త జెండా తెచ్చాడు. ముత్యం దాన్ని పక్కన పెట్టి, చూరులో దాచుకున్న చీర ముక్క తీశాడు. కట్టెకు చుట్టాడు. ఆనాటి నుంచి తిరగని ఇంజన్ గొట్టంలో దాన్ని బిగించి, ఒడ్డువైపు చూసి వెక్కివెక్కి ఏడ్చాడు.

"పెట్టిన్నే ఎల్లవ్వా. ఇయ్యాల నిజంగనే పెట్టిన."