పన్నెండు అక్షరాల వరుస

ఆ రోజుల్లో నాకు క్రమం మీద ఉన్నంత మమకారం మనుషుల మీద ఉండేది కాదేమో. నా డైరీ ప్రకారం ఈ కథ అక్టోబరు చివరి శుక్రవారం ఉదయం పది గంటల పది నిమిషాలకు మొదలైంది. ముదిగుబ్బలో ఎండిన వేరుశనగ చేలను ఫోన్‌తో ఫోటోలు తీసి, కంప్యూటరులో భద్రపరచడం నా మొదటి ఉద్యోగం. ఆ సాయంత్రం ఐదింటిలోగా అవి పై కార్యాలయానికి చేరాలి. ఫోటో లేని రైతుకు కరువు సాయం లేదు.

ఆ ఫైళ్ల పట్టికను గోడకు అంటించమన్నారు మా అధికారి. పేరు, పరిమాణం, తేదీ వేర్వేరు నిలువు వరుసల్లో వచ్చేలా కంప్యూటరుకు వరుసగా ఆజ్ఞలిచ్చే చిన్న షెల్ స్క్రిప్టు రాశాను. వచ్చాయి, కాని పొడుగు పేర్లు పక్క వరుసలను తోసేయడంతో పట్టిక గాలికి ఒరిగిన కంచెలా కనిపించింది. (మా వైపు మనిషిని పిలిచినట్టే ఫైలుకూ పేరు పెట్టేవాళ్లం: ముందు ఊరు, తరువాత ఇంటిపేరు, చివర మనిషి.) ఆ వంకర సహించలేక, ప్రతి ఫైలు పేరునూ పన్నెండు అక్షరాలకు కత్తిరించే ఆజ్ఞ ఒకటి చేర్చాను. పట్టిక సాళ్లు తీసిన చేనులా తీరింది. పైగా ఒకే కాగితంలో ఇమిడింది. కాగితం మిగిలిందని కూడా సంతోషించాను.

పదకొండింటికి, చేనుతో పాటు గొర్రెలూ ఉన్న ఒక పెద్దాయన వచ్చి, గోడ మీద తన పేరేదని అడిగాడు. ఒకే ఇంటిపేరుతో ఒకటికి మించి చేలున్నది వాళ్లకే: పదకొండు మంది, తలా ఒక చేను. పట్టికలో ఆ ఇంటిపేరు ఒక్కసారే ఉంది. అప్పుడు నాకు వెలిగింది: నా ఆజ్ఞ పట్టికలోనే కాక అసలు ఫైళ్ల పేర్లనే కత్తిరించింది; పదకొండు ఫైళ్లకూ ఒకే పొట్టిపేరు వచ్చి, ఒకదాన్నొకటి చెరిపేసుకుని, చివరిదొక్కటే మిగిలింది. ఫోన్‌లోవి నేను ముందే తుడిచేశాను, శుభ్రత కోసం.

మళ్లీ తీద్దాం పదండన్నాను. పెద్దాయన కదల్లేదు.

"యాడ తీస్తావప్పా? ఫోటో అయిపోయె కదా అని పొద్దున్నే చేన్లోకి గొర్రెల్ని ఇడిసినా."

ఏమైనా మిగిలిందేమో చూద్దామని బండెక్కించాను; దారంతా ఆయన నా వీపుతోనే మాట్లాడాడు. అందులో ఒక్క మాట నేటికీ గుర్తుంది: "మనిషిని ఇడిసి ఇల్లు రాసుకుంటివే సామీ."

తొమ్మిది చేలు చెక్కుచెదరకుండా దొరికాయి. ఆయన చేలో మాత్రం గొర్రెలు దాదాపు పని ముగించాయి. తూర్పు మూల నాలుగు సాళ్లు మిగిలాయి. పెద్దాయన వాటి ముందు చేతులు చాపి నిలబడి, "బిన్నా తియ్యి, ఇవి నా మాట ఇనవు" అని తొందరపెట్టాడు. తీశాను. నాలుగు సాళ్లు, ఒక మనిషి, ఆయన పంచె నములుతున్న ఒక గొర్రె. పూర్తి పేర్లతో ఐదుకు పది నిమిషాల ముందు పంపాను. అన్నీ ఆమోదం పొందాయి.

పోయినవి: పది పాత ఫోటోలు, పంచె కొస, నేను మేధావినన్న నమ్మకం. మిగిలినవి: పదకొండు మంది సాయం, ఆ సాయంత్రం కత్తిరింపు లేకుండా అచ్చు వేసిన పట్టిక. అది ఇప్పటికీ నా బల్ల మీద ఉంది. అందులో వరుస దాటి బయటికి పొడుచుకొచ్చిన అతి పొడుగు పేరు పెద్దాయనదే. చూసినప్పుడల్లా సరిచేద్దామని ఈ వయసులోనూ చేయి లేస్తుంది.